ఉప్పుగాలిలో బెల్ట్ సైకిల్: మొదటి 5,000 కిలోమీటర్ల డైరీ

ఫిబ్రవరి, మొదటి వారం

ఇంకో చైన్ పోయింది. 14 నెలల్లో ఇది మూడోది. విశాఖ ఎంవీపీ కాలనీలోని ఇంటి నుంచి రుషికొండ ఐటీ కొండ మీదున్న ఆఫీసుకి బీచ్ రోడ్డు మీదుగా 9 కిలోమీటర్లు. అప్పుఘర్ దాటాక చాలా దూరం కుడిపక్కన సముద్రమే. కంటికి ఎంత బాగుంటుందో చైన్‌కి అంత చేటు. శనివారం రాత్రి తుడిచి ఆయిల్ వేసి పెడితే సోమవారం పొద్దున్నకి లింకుల పక్కన ఎర్రపొడి. ఆయిల్ ఎక్కువేస్తే ఇసుక పట్టుకుని గంధం తీసినట్టు పళ్లని అరగదీస్తుంది. తక్కువేస్తే తుప్పు. మధ్యేమార్గం కోసం ఏడాది వెతికాను, దొరకలేదు.

మా వీధి చివర సైకిల్ షాపు బాబాయికి నేను నెలనెలా వచ్చే గిరాకీ. "ఏటి బాబూ, మళ్లీ వచ్చీసావు?" అన్నాడు చైన్ చూడకుండానే.

ఈసారి చైన్ కొనలేదు. బెల్ట్ వేద్దామనుకుంటున్నానన్నాను. ఆయన నవ్వు ఆపుకుని, "గ్రైండర్ బెల్టా?" అని అడిగాడు.

గ్రైండర్ బెల్ట్ కాదు. అది పుల్లీని ఒరుసుకుంటూ పట్టు మీద తిరుగుతుంది, తడిస్తే జారుతుంది. సైకిల్‌కి వేసేది పళ్ల బెల్ట్. లోపల కార్బన్ నారతో పేనిన తాళ్లు, వాటి చుట్టూ పాలియురెథేన్, పళ్ల మీద నైలాన్ పొర. పన్నుకీ పన్నుకీ మధ్య 11 మిల్లీమీటర్లు. ఇనుము ముక్క లేదు కాబట్టి తుప్పు పట్టడానికేమీ లేదు. ఆయిల్ అక్కర్లేదు కాబట్టి ఇసుక అంటుకోదు. ఆలోచన కొత్తదీ కాదు. హార్లీ డేవిడ్‌సన్ 1980లోనే స్టర్జిస్ అనే మోటారు సైకిల్‌కి పళ్ల బెల్ట్ వేసింది. అంత బండిని లాగినది నన్ను లాగలేదా అని నా ధీమా.

ఫిబ్రవరి, చివరి వారం

ధీమా సగం తగ్గింది. చైన్‌ని ఎక్కడ కావాలంటే అక్కడ లింకు ఊడదీసి మళ్లీ కలపొచ్చు. ఈ బెల్ట్‌కి అతుకు ఉండదు, గాజులా పుట్టుకతోనే గుండ్రం. వెనక చక్రానికి అటూ ఇటూ ఉన్న గొట్టాల త్రికోణంలోంచి దాన్ని లోపలికి దూర్చాలంటే ఆ త్రికోణం ఎక్కడో ఒకచోట తెరుచుకోవాలి. అంటే ఫ్రేమ్ కోయాలి.

నా దగ్గరున్నది పాత క్రోమోలీ ఉక్కు ఫ్రేమ్. దాని అదృష్టం, నా అదృష్టం రెండూ బాగుండి వెనక డ్రాపవుట్లు, అంటే చక్రం ఇరుసు కూర్చునే కొక్కేలు, ముందుకీ వెనక్కీ జరిగే రకం, వాటి మధ్య దూరం 135 మిల్లీమీటర్లు. ఇలా చక్రాన్ని వెనక్కి జరిపే వీలు లేకపోతే బెల్ట్‌కి టెన్షన్, అంటే బిగువు, ఇవ్వలేం. లేదంటే పెడల్ ఇరుసునైనా జరిపే ఏర్పాటు కావాలి. అల్యూమినియం ఫ్రేమ్ అయ్యుంటే ఈ డైరీ ఇక్కడితో అయిపోయేది, దాన్ని కోసి అతికించే సాహసం నేను చెయ్యను.

గేర్ల సంగతి కూడా తేల్చాలి. బెల్ట్ ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి దూకదు, కాబట్టి వెనక ఏడెనిమిది చక్రాల గుత్తి కుదరదు. నా ఫ్రేమ్‌కి ఉన్న దారులు రెండు: ఒకే గేరు, లేదా గేర్లన్నీ హబ్ (వెనక చక్రం నడిమి దిమ్మ) లోపలే ఉండేది. రుషికొండ ఐటీ కొండ ఎక్కిన మోకాళ్లకి ఒకే గేరు చాలదు. ఎనిమిది గేర్ల షిమానో ఆల్ఫిన్ 8 హబ్ తీసుకున్నాను. అయిదో గేరులో వెనక చక్రం తన పక్కనున్న పళ్లచక్రంతో సమానంగా తిరుగుతుంది, ఒకటో గేరులో దానికి 0.527 వంతు, ఎనిమిదిలో 1.615 వంతు.

కాగితం మీద లెక్క: ముందు 50 పళ్లు, వెనక 24. నా టైరు 700x35, చుట్టుకొలత సుమారు 2.17 మీటర్లు. పెడల్ ఒక చుట్టు తిరిగితే ఒకటో గేరులో 2.4 మీటర్లు, అయిదులో 4.5, ఎనిమిదిలో 7.3. నిమిషానికి 80 చుట్లు తొక్కితే అయిదో గేరులో గంటకి 21 కిలోమీటర్ల పైన. రోజూ ఆఫీసుకి వెళ్లే వేగం అదే. అయిదో గేరులో లోపలి పళ్లు పనిచేయకుండా శక్తి నేరుగా వెళ్తుంది కాబట్టి ఎక్కువసేపు ఉండే గేరు అదే కావడం మంచిది. 50 పళ్లంటే పెద్ద చక్రం అనుకోకండి. పన్ను ఎడం చైన్‌లో 12.7 మిల్లీమీటర్లు, ఇక్కడ 11. కొలిస్తే 43 పళ్ల చైన్ చక్రమంత ఉంటుంది. ఫ్రేమ్ గొట్టానికి తగలకుండా సరిపోయింది.

బెల్ట్ పొడవు ఎంచుకోవడమే అసలు తలనొప్పి. చైన్ అయితే ఒక లింకు తీసేస్తాం. బెల్ట్ తయారై వచ్చిన పొడవుల్లోనే దొరుకుతుంది: 115 పళ్లు, 118, 120, అలాగ. ఒక పన్ను తేడాకి రెండు ఇరుసుల మధ్య దూరం 5.5 మిల్లీమీటర్లు మారుతుంది. నా ఫ్రేమ్‌లో ఆ దూరం 432 నుంచి 450 దాకా జరుగుతుంది. 50, 24 చక్రాలతో 115 పళ్ల బెల్ట్‌కి 427 కావాలి, పొట్టి. 120 పళ్లదానికి 454, పొడుగు. 118 పళ్లదానికి 443. లెక్క మూడుసార్లు చేశాను, ఒకసారి మా అమ్మాయి చేత చేయించాను.

మార్చి

గాజువాక ఆటోనగర్. విశాఖలో ఉండడం వల్ల ఒక సుఖం, షిప్‌యార్డు పుణ్యమా అని పైపులు వెల్డింగ్ చేసే మంచి చేతులు దొరుకుతాయి. నాకు దొరికినాయన ఏళ్లతరబడి ఓడల పైపుల పని చేసి బయటికొచ్చి సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఫ్రేమ్ చేతిలోకి తీసుకుని గొట్టాన్ని గోటితో కొట్టి విన్నాడు. "పల్చన సార్. ఆర్క్ పెడితే చిల్లడిపోద్ది. టిగ్ చెయ్యాల" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా భయం పోయింది.

కోసింది సీట్ కింది నుంచి వెనక ఇరుసుకి దిగే సన్నగొట్టాన్ని, కుడివైపు ఒక్కదాన్నే. బెల్ట్ దూరడానికి ఒక సందు చాలు. పైగా ఎడమవైపు డిస్క్ బ్రేకు భారం పడుతుంది, దాన్ని ముట్టుకోకూడదనుకున్నాం. పక్క షెడ్డులో లేత్ మీద రెండు ఉక్కు దిమ్మలు తీయించాం, ఒకదాని మెట్టు ఇంకోదాని మీద కూర్చుని మధ్యలో ఒక బోల్ట్ బిగిసేలా. కోసేముందు డ్రాపవుట్ల మధ్య సరిగ్గా 135 మిల్లీమీటర్ల కడ్డీ బిగించాడాయన. లేకపోతే వెల్డింగ్ వేడికి గొట్టం ఎటో లాగేస్తుందట. మొదట నాలుగు చుక్కలు, కొలత, మళ్లీ నాలుగు చుక్కలు. నేను పక్కన నిలబడి తాగిన టీలే ఎక్కువ.

ఒక పొరపాటు నాది. సాయంత్రమైపోయిందని రంగు మర్నాడు వేద్దామని ఇంటికి తెచ్చాను. తెల్లారి లేచేసరికి వెల్డింగ్ చుట్టూ పసుపు రాసినట్టు పల్చటి తుప్పు. ఒక్క రాత్రికే. గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, రెండు పూతలు రంగు వేశాను.

ఏప్రిల్

బెల్ట్ వచ్చింది, పోయింది.

విదేశం నుంచి మా బావమరిది తెచ్చాడు. పెట్టెలో చోటు సరిపోలేదని అట్టపెట్టె పారేసి, బెల్ట్‌ని మడిచి, రెండు రబ్బరు బ్యాండ్లు వేసి, పిల్లల బూటులో కూరి తెచ్చాడు. "బెల్టే కదా బావా, ఏమవుద్ది" అన్నాడు. ఆయన తప్పేం లేదు, చెప్పకపోవడం నా తప్పు. బెల్ట్ చూడ్డానికి మెత్తగా ఉంటుంది గాని లోపలి కార్బన్ తాళ్లు మడతకి తట్టుకోవు. పెద్ద వంపుగా చుడితే పర్వాలేదు. కాయితంలా మడిచినా, మెలితిప్పినా, పళ్లు బయటికొచ్చేలా తిరగేసినా లోపల నార విరుగుతుంది. పైకేమీ కనబడదు. ఏదో ఒకరోజు సిగ్నల్ దగ్గర లేచి తొక్కితే ఫట్‌మంటుంది. చైన్ ఎక్కించినట్టు ముందు పళ్లచక్రం మీద సగం తగిలించి పెడల్ తిప్పి ఎక్కించడం కూడా ఇందుకే కూడదు.

మడత పడిన చోట వేలితో తడిమితే చిన్న గూని తెలుస్తోంది. కొలతలు చూసుకోవడానికి మాత్రం అది పనికొచ్చింది. ఇంకోటి తెప్పించడానికి ఆరు వారాలు పట్టింది.

ఈలోగా బాబాయి హబ్‌ని రిమ్ములో అల్లి బెండు తీసి ఇచ్చాడు. హబ్ బరువు కేజీన్నర పైనే, చేత్తో పట్టుకుని "ఇది హబ్బా, మోటారా?" అన్నాడు. 36 చువ్వలు, గంటన్నర పని. ఆ గంటన్నరలో ఆయన నోట ఒక్క హాస్యం రాలేదు, అంటే పని నచ్చిందన్నమాట.

జూన్, రెండో వారం. 0 కిలోమీటర్లు

కొత్త బెల్ట్ ఎక్కింది. డ్రాపవుట్లు ముందుకి జరిపి, బెల్ట్ రెండు పళ్లచక్రాల మీద వదులుగా కూర్చోబెట్టి, వెనక చక్రాన్ని వెనక్కి లాగడం. చెప్పినంత సులువు. ఆ తర్వాతిదే పని.

ముందు, వెనక పళ్లచక్రాలు ఒకే గీతలో ఉండాలి. చైన్ రెండు మూడు మిల్లీమీటర్ల వంకరని పట్టించుకోదు. బెల్ట్ పట్టించుకుంటుంది. ఒక్కో పళ్లచక్రం పళ్ల మధ్యలో ఒక గట్టు, బెల్ట్ మధ్యలో దానికి సరిపడే గాడి ఉంటాయి. వంకరగా ఉంటే ఆ గాడి గట్టుకి ఒకవైపే ఒరుసుకుంటుంది. నాది దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు బయటికి ఉంది. పెడల్ వెనక్కి తిప్పితే కోడిపిల్ల అరిచినట్టు చిన్న చప్పుడు. ముందు పళ్లచక్రం బోల్టుల కింద వాషర్లు మార్చి మార్చి చూస్తే మూడో ప్రయత్నానికి కోడిపిల్ల ఊరుకుంది.

టెన్షన్ చూసే పద్ధతి నాకు భలే నచ్చింది. బెల్ట్‌ని తంబురా తీగలా మీటాలి, బెల్ట్ చేసే గేట్స్ కంపెనీ వాళ్ల ఫోన్ యాప్ ఆ శబ్దం విని ఎన్ని హెర్ట్జో, అంటే సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తోందో చెబుతుంది. బిగువు పెరిగితే అంకె పెరుగుతుంది. మొదటిసారి 118 అంది, రెండోసారి 60, మూడోసారి 50. బెల్ట్ కాదు, ఫ్యాను. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, కుక్కర్ దింపేదాకా ఆగి కొలిస్తే అప్పుడు నిలకడగా వచ్చింది. పెడల్ ఒక్కో పావు చుట్టు తిప్పి నాలుగుచోట్ల కొలవాలి, ముందు పళ్లచక్రం రవ్వంతైనా ఎగుడుదిగుడు ఉంటుంది కాబట్టి. నేను 42 దగ్గర ఆపాను.

బాబాయి వచ్చి బొటనవేలితో నొక్కి, "కొద్దిగా లాగు" అన్నాడు. యాప్ చెప్పాక మీరేంటన్నట్టు చూశాను.

140 కిలోమీటర్లు

బాబాయి చెప్పిందే నిజం. ఐటీ కొండ ఎక్కుతూ ఒకటో గేరులో లేచి తొక్కితే టక్ మని ఒక పన్ను జారింది. చైన్ జారితే గరగరమంటుంది, ఇది చేతివేళ్లు విరిచినట్టు. బెల్ట్‌కి ఇది మంచిది కాదు, లోపలి తాళ్ల మీద దెబ్బ పడుతుంది.

కొలిస్తే 33. పెట్టిన 42 ఏమైంది? కుడి డ్రాపవుట్‌ని వెనకనుంచి నెట్టి ఉంచే చిన్న స్క్రూ నేను బిగించలేదు. తొక్కిన ప్రతిసారీ బెల్ట్ చక్రాన్ని ముందుకి లాగుతుంది, పైబోల్టుల పట్టు ఒక్కటే ఆపలేక డ్రాపవుట్ మిల్లీమీటరు జారింది. చైన్‌లో మిల్లీమీటరు ఎవరికీ తెలియదు. ఇక్కడ 9 హెర్ట్జ్. రెండు వైపులా స్క్రూలు బిగించి, వాటికి లాక్ నట్లు వేసి, ఈసారి 46 పెట్టాను. గొట్టం అతుకు బోల్ట్ కూడా చూశాను, కదల్లేదు. ఓడల పైపుల చెయ్యి మరి.

ఆ తర్వాత ఇప్పటిదాకా మళ్లీ జారలేదు.

600 కిలోమీటర్లు, ఆగస్టు

వానల్లో రెండు నెలలు. తెన్నేటి పార్క్ దగ్గర ఎత్తు ఎక్కి దిగి, సాగర్ నగర్ మీదుగా, గాలిలో ఉప్పునీటి తుంపరతో. ఇంటికొచ్చి బాటిల్ నీళ్లు బెల్ట్ మీద పోయడం, అంతే సేవ. తుప్పు లేదు. వెనక పళ్లచక్రం స్టెయిన్‌లెస్. తుప్పంతా ఇప్పుడు వేరే చోట్లకి పోయింది: బ్రేకు డిస్క్ పొద్దున్నే నారింజ రంగులో ఉంటుంది, రెండు బ్రేకులు పడగానే తుడుచుకుపోతుంది. బాటిల్ స్టాండు స్క్రూలు అప్పుడే ఎర్రబడ్డాయి.

చప్పుడు లేకపోవడానికి అలవాటు పడ్డానికి వారం పట్టింది. చైన్ శబ్దం విని పక్కకి తప్పుకునేవాళ్లు ఇప్పుడు తప్పుకోవడం లేదు. బెల్ కొనుక్కోవాల్సి వచ్చింది.

ప్యాంటు కాలు మడవడం మానేశాను. మా ఆవిడ చుడీదార్‌తో రైతుబజారుకి వెళ్లొచ్చి, నల్ల మరక పడకుండా సైకిల్ దిగడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారంది. నిజానికి మా నాన్న పాత సైకిల్‌కి ఈ సుఖం ముందే ఉంది, చైన్‌ని పూర్తిగా మూసేసే రేకు కవరు. అందులో చైన్ ఏళ్లకేళ్లు బతికేది. బెల్ట్ తగిలించుకుని నేను కనిపెట్టినట్టు గొప్పలు పోతున్నాను గాని, ఆ కవరుతో పాటు హబ్ గేర్లు వేసుకున్నా నా బాధలో ముప్పాతిక వంతు తీరేదే. నా ఫ్రేమ్‌కి సరిపడే కవరు దొరకలేదు, అంతే.

1,150 కిలోమీటర్లు

నేను ఎదురుచూసి భయపడిన రోజు. సాగర్ నగర్ దాటాక వెనక టైరులో ముల్లు. బెల్ట్ సైకిల్‌లో వెనక చక్రం ఊడదీయడం ఒక తతంగం: గేరు కేబుల్ విడిపించాలి, 15 నంబరు పానాతో నట్లు విప్పాలి, ఇరుసు తిరగకుండా ఆపే రెండు వాషర్లు, కుడికి నీలం, ఎడమకి ఆకుపచ్చ, పారేసుకోకుండా జేబులో పెట్టుకోవాలి. మళ్లీ బిగించాక టెన్షన్ చూసుకోవాలి. ఎండలో అది తలుచుకుంటూ తోసుకుంటూ పంచర్ షాపు దాకా వెళ్లాను.

అక్కడి తాత చక్రం విప్పనే లేదు. సైకిల్ పక్కకి వాల్చి, టైరు ఒక అంచు లేపి, ట్యూబు బయటికి లాగి, నీళ్ల తొట్టిలో బుడగ చూసి, ప్యాచ్ వేసి లోపలికి తోసేశాడు. పది నిమిషాలు. మన దగ్గర పంచర్ వేసేది ఎప్పుడూ అలాగే కదా. చిన్నప్పటినుంచి చూస్తున్నదే, విదేశాలవాళ్ల వీడియోలు చూసి చూసి మర్చిపోయాను.

1,900 కిలోమీటర్లు, జనవరి

పొడి వాతావరణం, బీచ్ రోడ్డు మీద ఇసుక. కిచకిచ మళ్లీ మొదలైంది. ఈసారి వంకర కాదు, దుమ్ము. నీళ్లు పోస్తే ఆగి, ఆరాక మళ్లీ వస్తోంది. సిలికాన్ స్ప్రే గుడ్డ మీద కొట్టి బెల్ట్‌కి రాస్తే రెండు వారాలు నిశ్శబ్దం.

ఇదే నెలలో ఒక ముచ్చట. గాలి కొట్టించుకుందామని షాపులో వదిలి టీకి వెళ్లొచ్చేసరికి బాబాయి దగ్గర పనిచేసే కుర్రాడు అలవాటు కొద్దీ, పాపం ఎంతో ప్రేమగా, బెల్ట్ పొడుగునా ఆయిల్ వేసి పెట్టాడు. మర్నాడు ఆఫీసు చేరేసరికి దాని మీద బీచ్ సగం ఉంది. గిన్నెలు తోమే సబ్బు, పాత బ్రష్షు, అరగంట.

3,000 కిలోమీటర్లు

గేరు హబ్ గురించి రాయలేదు. ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మార్చుకోవచ్చు, బీచ్ రోడ్డు మీద ఆవు అడ్డమొచ్చి హఠాత్తుగా ఆగినప్పుడు దీని విలువ తెలుస్తుంది. తొక్కుతూ మార్చాలంటే మాత్రం అరక్షణం కాళ్లు తేలిక చెయ్యాలి, లేకపోతే మొరాయిస్తుంది. అయిదు నుంచి ఆరుకి ఒక్కసారిగా 22 శాతం ఎగురుతుంది. ఎదురుగాలిలో అయిదు తేలిక, ఆరు బరువు, మధ్యలో ఏమీ లేదు. మే నెల సాయంత్రాలు దీన్ని తిట్టుకుంటూనే ఇంటికొచ్చాను.

బెల్ట్ బిగువు వల్ల చక్రం కొంచెం బరువుగా తిరుగుతుంది. చేత్తో పెడల్ తిప్పితే తెలుస్తుంది, తొక్కుతున్నప్పుడు నాకు తెలియలేదు. పోటీలకి తొక్కేవాళ్లు ఇది కొనరు, కొననక్కర్లేదు.

ఖర్చు ఎంతని అడుగుతారు కాబట్టి: హబ్, బెల్ట్, మడత పెట్టిన బెల్ట్, పళ్లచక్రాలు, వెల్డింగ్, లేత్, అన్నీ కలిపి 60 వేలు దాటింది. ఆ డబ్బుతో నా జీవితానికి సరిపడా చైన్లు వస్తాయి. మా బావమరిది ఈ లెక్క నాకు రెండుసార్లు గుర్తుచేశాడు.

5,000 కిలోమీటర్లు, సెప్టెంబరు

ముందు పళ్లచక్రం అల్యూమినియం. బెల్ట్ ఆనే చోట నల్లరంగు పోయి తెల్లగా మెరుస్తోంది, ఇసుక పని. పన్ను ఆకారం మాత్రం మారలేదు. బెల్ట్ పళ్లు ఒక్కోటీ టార్చి వేసి చూశాను: సొరచేప పన్నులా ఒకవైపు వాలిపోలేదు, పగుళ్లు లేవు. టెన్షన్ 44. ఈ ఏడాదిలో రెండుసార్లే సరిచేశాను.

ఆదివారం హబ్ విప్పాను. దాదాపు 5,000 కిలోమీటర్లకొకసారి లోపలి గేర్ల దిమ్మని షిమానో వాళ్ల ఆయిల్‌లో 90 సెకన్లు ముంచి, ఓ నిమిషం కార్చి మళ్లీ బిగించాలి. ఎడమవైపు నట్లు విప్పితే దిమ్మంతా కుడినుంచి ఒక్కటిగా బయటికొస్తుంది. పేపరు పరిచి, ముంచి, పైకి పట్టుకుని నిలబడ్డాను. చూద్దామని వచ్చిన బాబాయి కళ్లద్దాలు సర్ది చాలాసేపు పళ్లలోకి చూశాడు. "గడియారంలా ఉంది బాబూ. పాడైతే మాత్రం నా దగ్గరికి తేకు" అన్నాడు.

లోపల నీరు చేరలేదు, తుప్పు లేదు.

మిగిలిన బెంగ ఒకటే. చైన్ తెగితే ఏ సందులోనైనా దొరుకుతుంది. ఈ 118 పళ్ల బెల్ట్ మా ఊళ్లో ఎక్కడా నాకు దొరకలేదు. ఇంకోటి ఇంట్లో ఉంటే తప్ప వానాకాలం ధైర్యంగా తొక్కలేను. డిసెంబరులో మా బావమరిది మళ్లీ వస్తున్నాడు. గుండ్రటి బిస్కెట్ డబ్బా ఒకటి ఖాళీ చేసి పెట్టుకోమన్నాను, బెల్ట్‌ని అందులో మూడు చుట్లుగా పెట్టి తేవాలని. డబ్బా ఫొటో పంపాడు. ఇంకా సగం బిస్కెట్లున్నాయి.